మూడు పక్కల పేరు

పోయిన ఏప్రిల్‌లో ఒక సాయంత్రం శారద మేడం మా ఇంటికి వచ్చింది. మా ఊరి హైస్కూలుకు కొత్తగా వచ్చిన హెచ్‌ఎం ఆమె. జనగామ మనిషి. మంచినీళ్లు తాగి, సంచిలోంచి ఒక తెల్లకాగితం తీసి నా ముందు పెట్టింది.

"సార్, పిల్లలు చెట్ల కింద కూసోని చదువుకునేటట్టు రాతి అరుగులు కట్టిద్దామనుకుంటున్న. నమూనా మీరే గీయాలె."

"నా చేతులు వణుకుతున్నయమ్మా."

"వణికితె గీత వంకరొస్తది. చెట్ల కింద వంకర అరుగే అందం సార్."

నవ్వుకున్నాను. కాగితం తీసుకున్నాను.

నా పేరు రాజలింగం. అదే బడిలో ఇరవై రెండేళ్లు డ్రాయింగ్ సారుగా పనిచేశాను. అంతకుముందు రాళ్లు కొట్టాను. మా తాత, మా నాయిన, అందరూ రాళ్లు కొట్టినవాళ్లే. మొగుళ్లపల్లి చుట్టుపక్కల ఏ పాత బావి గట్టు చూసినా అందులో మావాళ్ల ఉలి దెబ్బ గుర్తుపడతాను. నేను పలక పట్టింది పదకొండో ఏట. నా చెల్లె కట్టమ్మ అసలు పట్టనే లేదు. నేను వరంగల్‌లో డ్రాయింగ్ పరీక్షకు చదివిన రెండేళ్లూ అది కంకర తట్టలు మోసి నాకు అన్నం పెట్టింది. తట్ట మోసిన చోట దాని నడినెత్తిన వెంట్రుకలు మళ్లీ మొలవలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. నేను ఇంత కోపంగా ఎందుకు రాస్తున్నానో అర్థమవుతుంది.

మర్నాడు మధ్యాహ్నం మూడింటికి బడికి పోయాను. ఎండాకాలం సెలవులు అప్పుడే మొదలయ్యాయి. కూర్చునే చోటు గీయాలంటే ముందు నీడ ఏ వేళకు ఎటు పోతుందో చూడాలి. పొద్దుటి నీడను నమ్మి కడితే మధ్యాహ్నం పిల్లల వీపులు కాలతాయి. బడి వెనక నాలుగు కానుగ చెట్లున్నాయి. మూడు గంటలకు కూడా వాటి కింద నీడ చిక్కగా ఉంది. కింద నల్లరేగడి నేల. ఆ నేలలో సగం దిగి, మనిషి పొడవున్న ఒక నల్లబండ. దాని పైభాగం అరిగి అరిగి అద్దంలా నున్నగా ఉంది.

"జాగ మంచిగున్నది కద సార్? గీ బండ ఒక్కటే అడ్డం. జేసీబీ పిలిచి తీపిస్త," అంది మేడం.

 ఆ బండ ఏమిటో ఆమెకు తెలియదు. ఇప్పటి పిల్లలకూ తెలియదు.

ఆ ముక్క మొన్నమొన్నటిదాకా బడిది కాదు. బొందలగడ్డకు పోయే బాట అది. ఊరవతల వైకుంఠధామం పేరుతో కొత్త శ్మశానం కట్టాక ఆ బాట పాడుబడింది. బడికి ప్రహరీ కట్టినప్పుడు లోపలికి వచ్చింది. ఆ బండ మా ఊరి దింపుడుకల్లం. పాడెను మోసుకుపోతూ నడిదారిలో దాని మీద దించేవాళ్లు. రక్తసంబంధం ఉన్నవాళ్లు ఒకరు వంగి, శవం చెవిలో పేరు పెట్టి మూడుసార్లు పిలిచేవాళ్లు. ఒక్కోసారి ప్రాణం పూర్తిగా పోదట. పిలిస్తే పలికి, లేచి కూర్చున్నవాళ్లు ఉన్నారని మా తాత చెప్పేవాడు. మూడో పిలుపుకూ పలకకపోతేనే మళ్లీ భుజానికి ఎత్తాలి. ఎంత పేదవాడికైనా, ఎంత కానివాడికైనా ఆ మూడు పిలుపులు దక్కేవి.

నా చెల్లెకు దక్కలేదు.

మొగుడు పోయాక కట్టమ్మ ఆ బడిలోనే మధ్యాహ్న భోజనం వండేది. చదువు రాదు గాని రెండువందల మంది పిల్లల పేర్లు నోటికి వచ్చు. అన్నం వేళకు గంటెతో అన్నం గంజు అంచు మీద మూడు దెబ్బలు కొట్టేది. టంగ్... టంగ్... టంగ్. రానివాణ్ని పేరు పెట్టి పిలిచేది. "మూడుమాట్ల పిలుస్త బిడ్డా. రాకుంటె నేనే వస్త," అనేది. వచ్చేది కూడా. చెవి పట్టుకొని తీసుకుపోయి పళ్లెం ముందు కూర్చోబెట్టేది.

ఆ వంటగది కట్టినవాడు వీరేందర్. అప్పుడు కాంట్రాక్టరు. తరవాత సర్పంచి అయ్యాడు. కట్టిన ఏడాదికే గోడ పగిలింది. కట్టమ్మ వాణ్ని నలుగురిలో నిలబెట్టి కడిగేసింది. "నీ గోడ నీ తీరుగనే ఉన్నది వీరేందర్. పైన సున్నం, లోపట ఏం లేదు." జనం నవ్వారు. వాడు నవ్వలేదు.

ఎనిమిదేళ్ల కింద వానాకాలంలో ఒక మధ్యాహ్నం ఆ గోడ నా చెల్లె మీద పడింది.

నేను ఆ రోజు టీచర్ల సంఘం మీటింగుకు మహబూబాబాద్ పోయాను. ఫోన్ చార్జింగ్ అయిపోయింది. రైలు ఆలస్యంగా వచ్చింది. ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టారు. అప్పటికి అంతా అయిపోయింది. ఒంటిగంటకు గోడ పడితే, ఊళ్లో సూదులిచ్చే డాక్టరు చెయ్యి పట్టుకొని చూసి పోయిందన్నాడట. మూడింటికి పాడె లేచింది. నాలుగింటికి మట్టి కప్పారు. అంతా వీరేందరే ముందుండి నడిపించాడు. దవాఖానకు తీసుకుపోతే పోలీసులు వస్తారు. పోలీసులు వస్తే గోడ చూస్తారు. అంతే. అన్న వచ్చేదాకా ఆగుదామన్నవాళ్ల నోళ్లు మూయించాడు.

ఆ రాత్రి నేను మట్టి కుప్ప ముందు నిలబడ్డాను. ఎర్రమట్టి. తవ్వుదామా అనిపించింది. కనీసం పేరు పెట్టి పిలుద్దామా అనిపించింది. జనం చూస్తున్నారు. పిలవలేదు. ఆ సిగ్గు ఇంకా నా గొంతులోనే ఉంది.

రెండేళ్లకు యోసేపు వచ్చి మా వాకిట్లో కూర్చున్నాడు. పాడె మోసిన నలుగురిలో వాడొకడు. వీరేందర్ దగ్గర కూలి చేసేవాడు.

"అన్నా, గీ మాట కడుపుల పెట్టుకొని సావలేను. కల్లం కాడ దించుదామన్న. వాన వస్తది, నడువుండ్రి నడువుండ్రి అన్నడు వీరేందర్. దించకుంటనే పోయినం."

"తెలుసు."

"తెల్వది. అప్పుడు అక్క చెయ్యి కదిలింది."

యోసేపు తన చెయ్యి గాలిలో కొంచెం ఊపి చూపించాడు.

"ఊపుకు కదిలిందనుకున్న అన్నా. ఊపుకే అనుకున్న..."

ముసలితనంతో కోపం తగ్గుతుందంటారు. అబద్ధం. నా పళ్లు రాలాయి. కోపం రాలలేదు. కేసు పెట్టాను, కొట్టేశారు. కాగితాలు పట్టుకొని ఆఫీసుల చుట్టూ తిరిగాను, ప్రమాదం అని రాసిచ్చారు. ఆరేళ్లు అట్లాగే బతికాను.

ఇప్పుడు కానుగ చెట్ల కింద నిలబడి మేడం చెప్పింది. "రాయి మొత్తం వీరేందర్ గారే ఇస్తున్నరు సార్. పని కూడా ఆయన మనుషులే చేస్తరు. ఒక్కటే అడిగిన్రు, పెద్ద అరుగు మీద ఆయన పేరుండాలెనట."

బండ వైపు చూశాను. గాలి లేదు. ఒక్క ఆకు కదలడం లేదు.

"ఈ బండ తీయొద్దమ్మా," అన్నాను. "ఇదే పెద్ద అరుగు."

ఆ రాత్రే నమూనా గీశాను. బండ నడుమ. దాని ఎదురుగా అర్ధచంద్రంలా మూడు వరసల అరుగులు. ముందు వరస పద్నాలుగు అంగుళాల ఎత్తు, ఆరో తరగతి పిల్లల కాళ్లు నేలకు ఆనాలి. వెనక వరస పద్దెనిమిది. అంచులు గుండ్రంగా కొట్టాలి, మోకాళ్లు చీరుకుపోకుండా. వాన నీళ్లు నిలవకుండా ప్రతి బండకూ వేలెడు వాలు. ఇంకో సంగతి ఉంది. అరుగులన్నిటి ముఖాలు ఒకే చోటికి తిప్పి వెనక చిన్న గోడ కడితే, చివరి అరుగు మీద చెప్పిన గుసగుస కూడా నడుమ కూర్చున్నవాడి చెవిలో చెప్పినట్టు వినిపిస్తుంది. పిల్లలు మెల్లగా చెప్పే జవాబు సారుకు వినపడాలని అట్లా గీశానని మేడంకు చెప్పాను. అది నిజమే. సగం నిజం.

మేలో పని మొదలైంది. మేకు పాతి, తాడు కట్టి, ముగ్గు పిండితో అర్ధచంద్రం నేనే పోశాను. మహబూబాబాద్ వైపు నుంచి లారీలో నల్లరాయి వచ్చింది. వీరేందర్ ఒకసారి చూడ్డానికి వచ్చాడు. తెల్లచొక్కా, చేతికి బంగారు గొలుసు. నన్ను చూసి చేతులు జోడించాడు, పళ్లు కనపడేలా.

"ఏం రాజలింగం సారూ, రిటైరైనా రాళ్లు ఇడిసిపెడుతలేవు."

"రాళ్లే నన్ను ఇడిసిపెడుతలేవు."

"నా పేరు మంచిగ కొట్టు. ఎటు నుంచి చూసినా కనపడాలె. ముందటికెల్లి వచ్చినోడు చూడాలె, పక్కలకెల్లి వచ్చినోడు కూడ చూడాలె."

 నేను అడగలేదు. వాడే అడిగాడు.

"మూడు పక్కల కొట్టమంటవా?"

"మూడు పక్కల కొట్టు."

మా ఊళ్లో పుట్టి, ఆ బాటన ఎన్నో పాడెల వెంట నడిచిన మనిషి. దింపుడుకల్లం బండ మీద తన పేరు మూడుసార్లు పెట్టమని తన నోటితోనే అన్నాడు. గర్వం అంత గుడ్డిది. చెట్టు కింద సిమెంటు కలుపుతున్న యోసేపు చేతిలో పార ఆగిపోయింది. నావైపు చూశాడు. నేను తల తిప్పుకున్నాను.

నలభై ఏళ్ల తరవాత మళ్లీ ఉలి పట్టాను. ముందుపక్క ఒకసారి. ఎడమపక్క ఒకసారి. కుడిపక్క ఒకసారి. వీరేందర్. వీరేందర్. వీరేందర్. చేతులు వణకలేదు.

మూడో పేరు పూర్తయిన రోజు మేడం వచ్చి మురిసిపోయింది. బండ మీద కూర్చుంది. నన్ను చివరి అరుగు దగ్గరికి పొమ్మని, ఏదైనా మెల్లగా అనమంది. నాకు భయమేసింది. ఆమెకు ఏ పాపమూ తెలియదు.

"లేవమ్మా, సిమెంటు ఇంకా ఆరలేదు," అన్నాను.

ఆమె లేవలేదు. తల పక్కకు వంచి వింటోంది. "మంచిగ ఇనపడుతున్నది సార్! కాని మీరు వీరేందర్ గారిని ఎందుకు పిలుస్తున్నరు? ఆయన ఇక్కడ లేరు కద."

నేను నోరు తెరవలేదు. ఆ ఆవరణలో మేమిద్దరమే ఉన్నాం.

"ఆడగొంతు పెట్టి మస్తు పిలిచిన్రు సార్," అని నవ్వుకుంటూ లేచి పోయింది. ఆమెకు ఏమీ కాలేదు. అప్పుడు నాకు ధైర్యం వచ్చింది. బండకు ఎవరు కావాలో బండకు తెలుసు. పిల్లలకు ఏమీ కాదు.

బడి తెరవడానికి రెండు రోజులుంది. ఆ మధ్యాహ్నం మబ్బు పట్టింది. పగలే అయినా లైటు వేసుకోవాల్సినంత చీకటి. కూలీలు చాయ్ తాగడానికి సెంటర్‌కు పోయారు. నేను రసమట్టం పెట్టి అరుగుల వాలు చూస్తున్నాను. టైము మూడు కావస్తోంది.

వీరేందర్ వచ్చాడు. ఒక్కడే.

"తయారైందా సారూ నా కుర్చీ?"

"నీ కోసమే చూస్తున్నది."

బండ చుట్టూ తిరిగి మూడు పేర్లూ చదువుకున్నాడు. వేలితో తడిమాడు. తరవాత గొంతు తగ్గించాడు. "ఎనకటి సంగతి మనసుల పెట్టుకోలేదు కద? గోడ ఎవలి మీదనైనా పడుతది సారూ."

"కూసోని చూడు," అన్నాను.

కూర్చున్నాడు. చేతులు వెనక్కి ఆనించాడు. "అబ్బ, ఎంత చల్లగున్నది..." అని చెప్పులు విడిచి, నిలువునా పడుకున్నాడు. నేను పడుకోమనలేదు. తల దక్షిణం వైపు పెట్టాడు. నేను పెట్టమనలేదు.

పైకి చూస్తూ అన్నాడు. "వాన వచ్చేటట్టున్నది."

ఎనిమిదేళ్ల కిందటి మాట. అదే చోట. నేను లేచి మెల్లగా వెనక్కి నడిచాను. చివరి అరుగు దగ్గర ఆగాను. వాడికీ నాకూ మధ్య పదకొండు అడుగులు. గీసినవాణ్ని నేనే, నాకు తెలుసు.

ముందు వాసన వచ్చింది. కట్టెల పొగ. తడి కట్టె మండితే వచ్చే ఘాటైన పొగ. దాని వెనక ఉడుకుతున్న పప్పు. బడిలో ఐదేళ్లుగా గ్యాసు పొయ్యి. వంటగదికి తాళం ఉంది.

"ఎవలు పొయ్యి ముట్టిచ్చిన్రు?" అన్నాడు వీరేందర్.

టంగ్.

కానుగ మీది పిట్టలు ఒక్కసారిగా ఊరుకున్నాయి.

"ఆఁ... ఏంది సారూ?"

"నేనేం అనలేదు."

"పేరు పెట్టి పిలిచినవు కద. చెవుల్నే..." నవ్వబోయాడు. "నీ సౌండు పని మంచిగున్నది పో."

"ఆడగొంతా, మొగగొంతా?"

నవ్వు ఆగిపోయింది.

టంగ్.

ఈసారి నాకూ వినిపించింది. గుసగుస. నిద్రపోతున్న పిల్లవాణ్ని లేపినట్టు, ఎంతో మెత్తగా... వీరేందర్...

వాడు లేవబోయాడు. లేవలేకపోయాడు. భుజాలు బండకు అంటుకున్నట్టున్నాయి. కాళ్లు తన్నుకోబోయాడు. రెండు కాళ్ల బొటనవేళ్లు ఒకదానికొకటి కలిసిపోయి ఉన్నాయి. పాడె మీద దారంతో కట్టినట్టు. దారం లేదు.

"సారూ... చెయ్యియ్యి... జర లేపు..."

పదకొండు అడుగులు. నేను పోవచ్చు. పోలేదు. ఇప్పుడు కూడా చెబుతున్నాను, పోలేదు.

"పలుకు వీరేందర్," అన్నాను. గుసగుసగానే అన్నాను. వాడి చెవికి చేరుతుందని తెలుసు. "పలికి బతికినోళ్లున్నరు."

టంగ్.

మూడోది గుసగుస కాదు. రెండువందల మంది పిల్లల అల్లరి మీంచి వినపడే గొంతు. నా చెల్లె గొంతు. వంటగది నుంచి.

వాడు పలకడానికి నోరు తెరిచాడు. మాట రాలేదు. మట్టి వచ్చింది. పెదవుల మీంచి, చెంపల మీదుగా పొడిపొడిగా జారింది. బడి నేల నల్లరేగడి. ఆ మట్టి ఎర్రది.

అప్పుడు అడుగుల చప్పుడు. ఎవరో నా పక్కనుంచి పోయారు. తడిమట్టి వాసన, పొగ వాసన. నేను కళ్లు మూసుకున్నాను. అన్నా అంటుందేమో అని ఆగాను. కట్టమ్మ జన్మలో నా పేరు తీసి పిలవలేదు. అన్నా అనేది, అంతే. ఆ ఒక్క మాట కోసం ఎనిమిదేళ్లు చూశాను.

ఆగలేదు. అనలేదు. నన్ను దాటి బండ వైపు పోయింది.

కళ్లు తెరిచేసరికి వాన మొదలైంది. వీరేందర్ ముఖం మీద ఎర్రమట్టి కడిగిపోతోంది. కూలీలు పరుగెత్తుకొచ్చేసరికి మట్టి జాడ మిగల్లేదు. ఆ సూదులిచ్చే డాక్టరే వచ్చాడు. చెయ్యి పట్టుకొని చూసి, గుండె ఆగిందన్నాడు.

మర్నాడు వాళ్ల వాకిట్లో పాడె లేచింది. వాళ్లదీ పాతిపెట్టే ఆచారమే. కొడుకు హైదరాబాద్ నుంచి వచ్చి ముందు నడుస్తున్నాడు. వైకుంఠధామం దారిలో వాగు వంతెన దాటాక ఉన్న చోటే ఇప్పుడు దింపుడుకల్లం. అక్కడికి వచ్చేసరికి మళ్లీ మబ్బు. మోసేవాళ్లలో ముందు ఎడమవైపు యోసేపు.

కొడుకు ఆగాడు. "దించుండ్రి. నాయినను పిలుస్త," అన్నాడు.

ఊళ్లో సారు మాటకు విలువుంది. నేను ముందుకు వచ్చాను. నా నోట్లోంచి ఆ మాట ఎట్లా వచ్చిందో ఎవరూ అడగొద్దు.

"వాన వస్తది బిడ్డా. దించకుండ్రి. నడువుండ్రి."

నడిచారు.

నాలుగు అడుగులు వేశాక యోసేపు నావైపు తల తిప్పాడు. ముఖం సున్నం కొట్టినట్టుంది. "అన్నా..." అన్నాడు, గాలిలో కలిసిపోయేంత చిన్నగా. "చెయ్యి కదిలినట్టున్నది."

"ఊపుకు," అన్నాను.

 ఆ వారమే యోసేపు ఊరు విడిచి మహదేవపూర్ వైపు పనికి పోయాడు. మళ్లీ నాకు కనపడలేదు.

జులైలో శారద మేడం అరుగుల దగ్గర చిన్న సభ పెట్టింది. చనిపోయినవాళ్ల పేరు పిల్లల ముందు వద్దని, మిషన్ తెప్పించి మూడు పక్కలా ఉన్న పేర్లను అరగదీయించింది. సభలో గుడ్డ తీసి చూపించింది. ముందుపక్క కొత్త అక్షరాలు. రూపకల్పన, రాజలింగం సార్.

"మీకు చెప్పకుంట చేయించిన సార్," అంది సంబరంగా. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను చేతులు జోడించాను. ఏం చెప్పను? తీసేయమంటే ఎందుకంటుంది. ఎందుకో చెబితే అంతా చెప్పాలి.

పిల్లలు ఆ బండ మీద రోజూ కూర్చుంటున్నారు. వాళ్లకు ఏమీ కాలేదు. ఒక చిన్నపిల్ల మాత్రం నాతో అంది. "గా బండ మీద కూసుంటె ఆకలైతది సార్. ఎవలో అన్నానికి పిలుస్తున్నట్టుంటది." ఆ పిల్ల తల నిమిరాను. కట్టమ్మ ఇంకా అక్కడ ఉంటే పిల్లలకు మంచిదే.

కాని బండ దగ్గర ఉన్నది కట్టమ్మ ఒక్కతే కాదు.

పోయిన నెల ఎడమపక్కన నా పేరు కనిపించింది. ఎవరూ చెక్కలేదు. మేడంను అడిగితే పిల్లలెవరో గీకి ఉంటారంది. నేను రాళ్లు కొట్టే ఇంట్లో పుట్టినవాణ్ని. ఉలి దెబ్బ తెలుసు, మిషన్ కోత తెలుసు, మేకు గీత తెలుసు. అవి ఏవీ కావు. నల్లరాయి మీద గోళ్లతో గీకారు. ఒక్కో అక్షరం మీద వందసార్లు గీకితే పడే లోతు. రాజలింగం అని ఉంది. అన్నా అని కాదు.

అప్పటినుంచి రోజూ పొద్దున్నే పోయి కుడిపక్క చూస్తున్నాను. కళ్లు సరిగా కనపడవు. వేలితో తడుముతాను. నిన్నటిదాకా నున్నగానే ఉంది.

రాత్రి పెద్ద వాన పడింది. ఇవాళ పొద్దున పోయి తడిమాను. ఒక అక్షరం పూర్తయింది. రెండోది సగంలో ఉంది.

వంగినవాణ్ని లేవబోతూ నేల చూశాను. తడి రేగడిలో అడుగులు. నలుగురివి. ఇద్దరు ముందు, ఇద్దరు వెనక, సమానంగా. మడమలు లోతుగా దిగాయి, భుజాల మీద పాడె ఉన్నప్పుడు దిగినట్టు. ఎటునుంచి వచ్చాయో చూద్దామని వాటి వెంట వెనక్కి నడిచాను. చిన్న గేటు. సందు. మలుపు. మా వాకిలి. మా గడప దగ్గర మొదలయ్యాయి.

మళ్లీ బడికి పోయి చూశాను. బండ దాకా వచ్చి ఆగిపోయాయి. చుట్టూ వెతికాను. అక్కడినుంచి ముందుకు ఒక్క అడుగు లేదు.

దించారు. ఇంకా ఎత్తలేదు.